పడవ లేని పాట

జనవరి పన్నెండు

ప్రియమైన తమ్ముడికి,

నీ అక్క చెప్పి, పక్క గది మనిషి చేత రాయిస్తున్నది. రాస్తున్నది సూది. నాకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు, దానిది ముత్యాల్లాంటి దస్తూరీ అనీ తెలుసు. కాబట్టి ఉత్తరం చూసి అక్క ముసలితనంలో చదువు నేర్చిందని సంబరపడకు.

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నీ మీద ఫిర్యాదు.

పొద్దున ఎనిమిదింటికి నీ ‘ఈ తేదీన ఈ పాట’ విన్నాను. రోజూ వింటాను. ఏ తేదీన ఎవరు మొదటిసారి మైకు ముందు నిలబడ్డారో, ఎవరి వాయిద్యం తీగ తెగితే నోటితోనే రాగం తీసి కచేరీ గట్టెక్కించారో, నువ్వు రాసి చదివించినవన్నీ నమ్మాను. మా తమ్ముడు అబద్ధం రాయడని ఈ మెట్ల మీద ఎంతమందితో వాదించానో నీకు తెలీదు. ఇవాళ చివర్లో ఒక ప్రకటన వచ్చింది. ‘బంగారు పడవ’ పాట రేడియోలో మొదటిసారి వినిపించి మార్చి తొమ్మిదికి యాభై ఏళ్లట. పెద్ద గాయకుడి పేరు చెప్పి, ఎవరికీ తెలియని ఆడమనిషి గొంతు వినిపించిన ఆ సాహసం ఆనాటి ఫ్యాక్టరీ మేనేజరు గారిదట. ఆ రోజున స్టూడియోకి పిలిచి ఆయనకి సన్మానమట.

సాహసమట. ఆ మనిషి ఫ్యాక్టరీ మెట్లు కూడా పక్కనున్న కమ్మీ పట్టుకుని దిగేవాడు.

ఒరేయ్, నేను ఆ రికార్డుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు అచ్చుయంత్రం దగ్గర నిలబడ్డాను. నిన్ను చదివించింది ఆ యంత్రమే. ఆ పాటలో పడవ ఉందా? నీళ్లున్నాయా? వెళ్లిపోయిన మనిషి గుమ్మం దగ్గర మరిచిపోయిన గొడుగు గురించి పాట మొత్తం. ‘బంగారు పడవ’ అనే పేరు వెనకవైపు ఉండాల్సిన ఈ పాటది కాదు, ముందువైపు ఉండాల్సిన పెద్దాయన, అదే ఆ పెద్ద గాయకుడి పాటది. రికార్డు మధ్యలో అంటించే గుండ్రటి కాగితాలు అటూ ఇటూ అయ్యాయి. రేడియో వాళ్లు కాగితం చూసి ‘మొదటి వైపు’ అనుకుని వేశారు. పెద్దాయన పేరు చెప్పారు, ఆడగొంతు వచ్చింది. జనం వెర్రెత్తిపోయారు. అంతే జరిగింది. మేనేజరు దగ్గర సాహసమూ లేదు, సంగీతమూ లేదు.

అది ఎలా జరిగిందో, ఎవరి చేతుల మీదుగా జరిగిందో విడమరిచి చెప్పాను కాబట్టి ఆ ముక్క ఉన్నదున్నట్టు రేడియోలో చదివించు. సన్మానం ఆపు.

మోకాలు అలాగే ఉంది. మరదలికి దగ్గు తగ్గిందా?

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న అక్క
(వేలిముద్ర)


జనవరి ఇరవై అయిదు

ప్రియాతిప్రియమైన అక్కకి,

నీ తిట్లు అందాయి. దగ్గు తగ్గింది. ఇక్కడ అందరం బాగున్నాం, నీ ఉత్తరం వచ్చేదాకా ఇంకా బాగున్నాం.

అక్కా, ఎలా జరిగిందో విడమరిచి చెప్పానన్నావు. కాగితం తిప్పి చూశాను, కవరు చింపి చూశాను, నీ మరదలి చేత వెలుతురులో పట్టి చూపించాను. ఎక్కడా లేదు. కాగితాలు అటూ ఇటూ అయ్యాయన్నావు. ఎవరు చేశారు? ఎలా? ఒక్క ముక్క లేదు. దీన్ని రేడియోలో ఏమని చదివించను? ‘మా అక్క కోపంగా ఉంది’ అనా?

పైగా ఇదేమీ చిన్న పాట కాదు. పడవ లేని పాటకి పడవ పేరెందుకని ముగ్గురు పెద్దలు వ్యాసాలు రాశారు. తిరగేసిన గొడుగే పడవ అని ఒకరు తేల్చారు. కన్నీళ్లలో తేలుతుంది కాబట్టి పడవ అని ఇంకొకరు. కిందటి ఏడాది నేనే ఆ గొడుగు సంగతి కార్యక్రమంలో రాశాను, యాభై ఉత్తరాలు వచ్చాయి. ఇప్పుడు అదేమీ కాదు, కాగితాలు తారుమారయ్యాయంటే నన్ను ఏం చెయ్యమంటావు?

మేనేజరు గారికి ఎనభై ఆరేళ్లు. పిలుపు వెళ్లిపోయింది. ఆయన కొత్త కోటు కుట్టించుకుంటున్నారని వాళ్ల కోడలు ఫోన్ చేసి చెప్పింది.

మందులు వేసుకో. సూదికి నా నమస్కారాలు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి రెండు

ప్రియమైన తమ్ముడికి,

ఈ ఉత్తరం రాస్తున్నది కింద దుకాణం దర్జీ. సూది కాదు. నీ ఉత్తరం సూదే చదివి వినిపించింది. ‘ఒక్క ముక్క లేదు’ దగ్గర దాని గొంతు సన్నగిల్లింది. నేను గంటసేపు చెప్పిందంతా ఏం చేశావే అంటే కాగితం అయిపోయిందంది. బల్ల మీద దస్తా కాగితాలున్నాయి. చెయ్యి నొప్పి పుట్టిందంది. అదే చేత్తో పొద్దున బక్కెట్టు నీళ్లు మోసుకొచ్చింది. అందుకని దర్జీని పట్టుకున్నాను. ఇతను చెప్పింది చెప్పినట్టే రాస్తానన్నాడు. మీరు దగ్గినా రాయాలా అమ్మగారూ అని అడిగాడు, అదీ రాసినట్టున్నాడు.

ఇప్పుడు విను. యాభై ఏళ్లుగా లోపల పెట్టుకున్నది.

అచ్చుయంత్రం పక్కన రెండు మేకులుండేవి. ఎడమ మేకుకి మొదటి వైపు కాగితాల కట్ట, కుడి మేకుకి రెండో వైపుది. ఎడమది ఒకటి తీసి కింద అచ్చు మీద వెయ్యాలి, పైన వేడి ముద్ద పెట్టాలి, దాని మీద కుడిది వెయ్యాలి, మీట లాగాలి. రికార్డు తయారు. రోజుకి ఆరేడు వందలు. నాకు చదవడం రాదు కాబట్టి పొద్దున్నే సూది వచ్చి కట్టలు మేకులకి తగిలించి వెళ్లేది. ఆ తర్వాత అద్దాల గదిలో కూర్చుని, యాభైకి ఒక రికార్డు తీసి సూది దించి వినడం దాని పని. అందుకే దానికా పేరు. మాట కూడా అలాగే గుచ్చుతుందనుకో. ఆ గదిలో అంత చెవి ఉన్న మనిషి ఇంకొకరు లేరు. గీత ఎక్కడ గరగరమన్నా పట్టేసేది. ప్రతి కట్టకీ చీటీ మీద ‘విన్నాను, సరిగ్గా ఉంది’ అని రాసి సంతకం పెట్టేది.

ఆ రోజు నా మోచెయ్యి తగిలి రెండు కట్టలూ నేల మీద పడ్డాయి. సూది అద్దాల గదిలో ఉంది. పిలిచి అడగొచ్చు. అడగలేదు. పక్కనున్నవాళ్లు నవ్వుతారని. నాకో గుర్తుండేది. పొద్దున దాని చేతిలో చూశాను, పెద్దాయన పేరు ముందు బిరుదులు బారుగా ఉంటాయి కదా, పైవరుస పొడుగ్గా ఉన్న కాగితం ఎడమకి. ఆ గుర్తుతోనే ఏరి, దులిపి, తగిలించాను. తగిలించాక చేతులు కడుక్కుని వచ్చి పని చేసుకున్నాను.

గుర్తు తప్పింది తమ్ముడూ. ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసేశాను. నాకు అక్షరాలు రాకపోబట్టే ఇదంతా.

వారం తర్వాత గొడవ. రేడియోలో ఆడగొంతు వచ్చిందని పెద్దాయన మండిపడ్డాడు. మేనేజరు చీటీ పట్టుకుని సూది మొహం మీద ఆడించాడు, ‘విన్నాను సరిగ్గా ఉంది అని రాశావే, చెవులున్నాయా నీకు’ అని. ఆ మాట విన్నప్పుడే తప్పు నాదని దానికి తెలిసిపోయుంటుంది. నా పేరు చెప్తే నా ఉద్యోగం పోతుంది, నీ చదువు ఆగుతుంది. నోరు మెదపలేదు. ఆ మధ్యాహ్నమే పంపించేశారు. నెల తిరిగేసరికి జనం ‘బంగారు పడవ కావాలి’ అని దుకాణాలకి ఎగబడుతుంటే, ఆ పేరు అలాగే ఉంచి పెద్దాయన పేరు తీసేసి పాడినావిడ పేరు వేసి కొత్త కాగితాలు అచ్చేయించాడు మేనేజరు. అప్పుడు మొదలైంది వాడి సాహసం. సూదిని మాత్రం వెనక్కి పిలవలేదు.

అలాంటి చెవులున్న మనిషి ముప్పై ఏళ్లు ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టింది.

నేనేం చేశాను? దాన్ని నా పక్క గదికి తెచ్చుకున్నాను. కిటికీ ఉన్న గది దానికిచ్చి గోడవైపు గదిలో నేనున్నాను. దాని నోరు భరించాను. ఒక్కసారి మాత్రం చేతులు పట్టుకుని ‘నా వల్లే’ అన్నాను, ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తొద్దంది. ఎత్తలేదు. ఇప్పుడు నువ్వు ఆ మేనేజరుకి దండ వేస్తానంటే ఎత్తుతున్నాను.

రేడియోలో చెప్పు. తప్పు చేసింది చదువురాని మీ అక్క. సూది తప్పు లేదు. ఈ ముక్క నేను బతికుండగా, అది బతికుండగా వినపడాలి.

ఇట్లు,
నీ అక్క
(వేలిముద్ర)

కింద నాలుగు వాక్యాలు దర్జీవి: అయ్యా, అమ్మగారు ఏడవలేదు గానీ రెండుసార్లు ఆగారు. చెప్పింది చెప్పినట్టే రాశాను. మీ కార్యక్రమం మా దుకాణంలో రోజూ పెడతాం. నమస్కారం.


ఫిబ్రవరి పన్నెండు

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

నా చదువు కోసం ఒక మనిషి ఉద్యోగం పోయిందని ఇన్నేళ్లూ నాకు ఎందుకు చెప్పలేదు? సరే, చెప్పలేదు. ఇప్పుడు చెప్పావు. ఇప్పుడు నా బాధ విను, నువ్వొక్కదానివే విసుక్కోగలవా.

మా డైరెక్టరు గారికి చూపించాను. ‘మీ అక్కగారి మాట మీద గౌరవం ఉంది, కానీ యాభై ఏళ్ల కిందటి సంగతి, వేలిముద్ర వేసిన ఉత్తరం, అదీ దర్జీ రాసింది’ అన్నారు. మేనేజరు గారి దగ్గర అచ్చయిన వ్యాసాలున్నాయి, మన దగ్గర నీ మోచెయ్యి ఉంది. అప్పుడు అక్కడున్నవాళ్లలో మిగిలింది సూది ఒక్కతే. ఆవిడ సొంత చేత్తో ‘అవును, ఇలా జరిగింది’ అని రాసిస్తే చదివిస్తానన్నారు. లేకపోతే సన్మానం సన్మానమే.

ఇంకో మాట. కోప్పడకు. ఇది చదివిస్తే, చదువురాని మనిషి పొరపాటు వల్ల ఆ పాట పుట్టిందని ఊరంతా నవ్వుకుంటుంది. నీకు ఇష్టమేనా? ఒకటికి రెండుసార్లు ఆలోచించు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి ఇరవై రెండు

ప్రియమైన తమ్ముడికి,

నవ్వుకోనీ. డెబ్బై అయిదేళ్లొచ్చాయి, ఎవరి నవ్వు నాకేం తగులుతుంది.

రాస్తున్నది సూది. నీ ఉత్తరం అందినప్పటి నుంచీ బతిమాలాను, తిట్టాను, దాని మంచినీళ్ల కూజా దాచిపెట్టాను. రాయనంటుంది. ‘ఆ పాత సోది ఎందుకొదినా, దండేగా, వేసుకోనీ’ అంటుంది. నీ కోసమే కదే నేనింత గింజుకుంటున్నది అంటే కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆ కిటికీ ఇచ్చింది నేను. చివరికి, నా ఉత్తరమైతే రాస్తాను, నాది రాయను అని తెగేసి చెప్పింది. అందుకని నా ఉత్తరంలోనే రాయిస్తున్నాను. దాని తప్పు లేదు, దాని తప్పు లేదు, దాని తప్పు లేదు. మూడుసార్లు రాశావా? రాసిందట. ఇది చాలదా మీ డైరెక్టరుకి?

ఇట్లు,
నీ అక్క
(వేలిముద్ర)

తమ్ముడు గారూ, పై వేలిముద్ర పడ్డాక, వదిన లోపలికి వెళ్లాక ఇది రాస్తున్నాను. ఆవిడ చెప్పింది కాదు, నా మాట.

మొదటి ఉత్తరంలో ఆవిడ తప్పొప్పుకున్న భాగం నేను రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకంటే అది అబద్ధం.

ఆ రోజు కట్టలు కిందపడటం అద్దంలోంచి చూశాను. వదిన ఏరి తగిలించి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. సరిచూద్దామని వచ్చాను. పొడుగు వరుస ఎడమకే ఉంది. సరిగ్గా పెట్టింది. మార్చింది నేను.

వాటి నమూనాలు అంతకు ముందు రెండు రోజులు విన్నాను. పెద్దాయన పాట ఎన్నిసార్లు విన్నా ఎవరికో ఉపన్యాసం ఇస్తున్నట్టే ఉంది. వెనకవైపు గొడుగు పాట మొదటిసారి విన్నప్పుడు చీటీ రాయడం మరిచిపోయాను. రేడియోలో మొదటి వైపే వేస్తారు, వెనకవైపు ఎవరూ తిప్పరు. రెండు మేకులు, రెండు కట్టలు, ఎవరూ ఇటు చూడటం లేదు. అంతే. ఉద్యోగం పోవడం న్యాయమే. ఆ పాట వీధిలో ఎవరు పాడుకుంటున్నా నాకు లాండ్రీ బరువనిపించలేదు.

వదిన వచ్చి చేతులు పట్టుకుని ‘నా వల్లే’ అన్నప్పుడే చెప్పాల్సింది. అప్పటికి నాకెవరూ లేరు. చెప్తే మళ్లీ రాదనుకున్నాను. రోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైంది. అక్షరాలు రాకపోబట్టే తప్పు చేశానని ఆవిడ అనుకుంటూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. నా చెవులు గొప్పవని ఆవిడే అంటుంది.

ఇది చదివించండి. నేను నోటితో చెప్పలేను.

సూది


మార్చి ఒకటి

అక్కా,

ఎక్కువ రాయను. తొమ్మిదో తేదీ పొద్దున ఎనిమిదింటికి రేడియో పెట్టుకోండి. సూదిని పక్కన కూర్చోబెట్టుకో. మధ్యలో ఎవరు కట్టెయ్యమన్నా కట్టెయ్యకు.

తమ్ముడు


మార్చి పదకొండు

ప్రియమైన తమ్ముడికి,

రాస్తున్నది సూదే. దర్జీని పిలవొచ్చు, పిలవలేదు. తనను తిట్టేది తనే రాయాలని కూర్చోబెట్టాను. ఒక్క అక్షరం మింగినా సాయంత్రం దర్జీ చేత చదివించుకుంటానని చెప్పాను. వంచిన తల ఎత్తకుండా రాస్తోంది.

తొమ్మిదిన దర్జీ దుకాణం మూసుకుని తన రేడియో చంకలో పెట్టుకుని పైకొచ్చాడు, నా రేడియో గరగరమంటుందని. నువ్వు మేనేజరుకి దండ వేయించావు. కొత్త కోటు బాగుందని చెప్పించావు. బాగా మండింది నాకు. తర్వాత అడిగించావు, ‘ఆ పాట మీరు మొదటిసారి విన్నప్పుడు ఏమనిపించింది’ అని. ఆ ముసలాయన ‘పాటా, నేను వినలేదే, దుకాణాల నుంచి వచ్చిన చీటీలు చూశానంతే’ అన్నాడు. యాభై ఏళ్లలో ఆ మనిషి నోట నిజం రావడం అదే మొదలు. దర్జీ నవ్వాడు. నేనూ నవ్వాను. సూది నవ్వలేదు.

అప్పుడు నీ వాళ్లు ఉత్తరం చదవడం మొదలుపెట్టారు. ‘వదినా, కట్టెయ్యి’ అంది ఇది. కట్టెయ్యలేదు. ‘పొడుగు వరుస ఎడమకే ఉంది, సరిగ్గా పెట్టింది’ అన్న దగ్గర నా చెవులు పనిచెయ్యడం మానేశాయి. మిగతాదంతా దర్జీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

రెండు రోజులు దీనితో మాట్లాడలేదు. ఇది వచ్చి గుమ్మంలో నిలబడటం, నేను గోడవైపు తిరగడం. తమ్ముడూ, యాభై ఏళ్లు. బస్సు నంబరు పక్కవాళ్లని అడిగినప్పుడల్లా, మందుసీసా తిప్పి చూపించుకున్నప్పుడల్లా, అదిగో ఇందుకే కదా ఆ మనిషి బతుకు పోయింది అనుకున్నాను. నీ పిల్లలు పలకా బలపం తెచ్చి నేర్పుతామంటే ఇప్పుడెందుకు, చెయ్యాల్సిన నాశనం చేసేశాను కదా అనుకున్నాను. ఇదేమో నేనిచ్చిన గదిలో కిటికీ దగ్గర కూర్చుని, నా మీద విసుక్కుంటూ, హాయిగా పాట పాడుకుంది. దొంగమొహంది. రాయి, దొంగమొహంది అని రాయి. రాసింది.

ఇవాళ పొద్దున నేనే పిలిచాను. ‘పొడుగు వరుస ఎడమకేనా’ అన్నాను. ‘ఎడమకే’ అంది. మళ్లీ అడిగాను. ‘ఎడమకే వదినా.’ నాలుగోసారి అడిగితే, ‘ఎన్నిసార్లు చెప్పాలి, నువ్వు సరిగ్గానే పెట్టావు, నీ అంత సరిగ్గా ఆ ఫ్యాక్టరీలో ఎవరూ పెట్టలేదు’ అని అరిచింది. అరవనీ. ఇలాంటి అరుపు ఇంకో పదిసార్లు అరిచినా వింటాను.

కిటికీ గది ఖాళీ చెయ్యమన్నాను. నిన్న నేను పలక్కపోయేసరికి తన మూట సర్దుకుని కూర్చుందట, పంపించేస్తాననుకుని. ఎక్కడికి పోతావే, గోడవైపు గదికి మారు అన్నాను. మధ్యాహ్నం దర్జీ వచ్చి మంచాలు మార్చాడు. ఇక్కణ్ణించి చూస్తే వీధి చివరి దాకా కనిపిస్తోంది. ఇంత గాలి ఇన్నాళ్లు ఇదొక్కతే పీల్చింది.

ఇప్పుడు నీకు పని. వచ్చే మార్చి తొమ్మిదికి గొడుగు తిరగేస్తే పడవ అని రాశావో, అక్కని కానని చెప్పేస్తాను. ఇలా రాయి. ఆ తేదీన వినపడిన పాటని ముందుకు తెచ్చింది ఒక చెవి. ఆ రోజు కాగితాలు పెట్టింది చదువురాని ఒక ఆడమనిషి. ఆవిడ సరిగ్గానే పెట్టింది. చివరి మాట రెండుసార్లు చదివించు.

మరదలికి, పిల్లలకి దీవెనలు. ఈసారి వచ్చేటప్పుడు ఆ పలక ఇంట్లో ఎక్కడైనా ఉంటే పట్టుకురా.

ఇట్లు,
కిటికీ దగ్గరి నుంచి, నీ అక్క
(వేలిముద్ర)

విన్నాను. సరిగ్గా ఉంది.
— సూది